కీచురాయి కచేరి

వానకాలపు రాత్రి పల్లెలో దీపము మలిపిన పిమ్మట మొదట వినవచ్చునది కీచురాయి పాట. గోడ బీటలో, కట్టెల మోపు క్రింద, పెరటి మూలలో ఎచ్చటనో ఆ గాయకుడు దాగియుండును. పాట వినిపించునుగాని పాడువాడు కనిపించడు. వెదకుచు ఒక అడుగు వేసినంతనే పాట ఆగిపోవును. కదలక నిలిచినచో మరల మొదలగును. ఈ దాగుడుమూతలాట ఆడని పిల్లవాడు పల్లెలలో నుండడు. కనిపించని ఈ గాయకుని దీపకాంతిలో నిలిపి, పిల్లలకును పెద్దలకును కలిపి చూపవలెనను కోరిక ఇరువదవ శతాబ్దమున పాశ్చాత్య దేశముల రచయితలకు కొందరికి కలిగినది. ఆ కోరిక నుండి పుట్టిన సంగీత రూపకములు పిల్లల వినోదముతో ఆగిపోలేదు. ఒక పాత తీర్పును తిరుగదోడినవి.

ఆ తీర్పు ఈసపు కథలలోనిది. వేసవి అంతయు పాడుచు గడిపిన కీటకము చలికాలమున ఆకలితో చీమ ఇంటికి పోయి గింజలు యాచించును. పాడినవాడవు ఇక ఆడుకొనుమని చీమ ఎత్తిపొడిచి పంపివేయును. గ్రీకు మూలమున ఆ గాయకుడు చెట్టుకొమ్మలపై మధ్యాహ్నము రొదచేయు సికాడా అను కీటకము. ఫ్రెంచి కవి లా ఫొంటేన్ 1668లో ప్రకటించిన తన నీతికథల సంపుటమున మొట్టమొదటి స్థానము ఈ కథకే ఇచ్చిరి. కథ దేశదేశములు తిరుగుచు పోగా సికాడా కాస్త మిడతగా మారినది. తెలుగు పిల్లలు నేర్చుకొనునది ఆ మిడత కథయే. చీమవలె కూడబెట్టుము, మిడతవలె కాలము వ్యర్థపుచ్చకుము అనునది దాని నీతి. పొదుపు మంచిదే, దానిని కాదనువారు లేరు. కాని ఆ నీతి చాటున ఇంకొక మాట కూడ నక్కియున్నది: పాడుట పని కాదు అని. తరగతిలో వెనుక బల్లపై కూర్చుండి సన్నగా రాగము తీయు పిల్లవానిపై ఆ మాట ఎన్ని పర్యాయములు ప్రయోగింపబడినదో లెక్కలేదు.

ఈ తీర్పుపై గట్టి అప్పీలు తెచ్చినవారు ఒక బడిపంతులే. దక్షిణ ఫ్రాన్సుకు చెందిన జాన్ హెన్రీ ఫాబ్ర్ (1823–1915) చిరకాలము పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, తీరిక వేళలలో చేల గట్లపై కూర్చుండి కీటకములను పరిశీలించిన మహనీయుడు. 1897లో వెలువడిన తన కీటకశాస్త్ర స్మృతుల అయిదవ సంపుటమున ఆయన ఈ కథను ప్రత్యేకముగా విచారణకు పెట్టిరి. చలికాలము వచ్చునప్పటికి పెరిగిన సికాడా ఏదియు ప్రాణములతో నుండదు. కావున యాచించుటకు అవకాశమే లేదు. గింజలు కొరుకుటకు దానికి దవడలు లేవు. చెట్టురసము పీల్చు సూదివంటి ముక్కు మాత్రమే కలదు. మండు వేసవిలో సికాడా బెరడునకు రంధ్రము చేసి రసము త్రాగుచుండగా, ఆ ఊటకై చీమలు గుంపుగా వచ్చి దాని కాళ్లు కొరికి, రెక్కలు లాగి, దానిని తరిమివేయ యత్నించునని ఆయన కన్నులార చూచి వ్రాసిరి. ఆ లెక్కన యాచించినది గాయకుడు కాదు, చీమయే. అదియు మర్యాదగా యాచింపలేదు.

గ్రంథమున సాగిన ఈ వాదము వేరొక దారిలో రంగస్థలమున కూడ వినిపించినది. 1920లో చెక్ దేశమందలి బ్రనో నగరమున వెలువడుచుండిన 'లిదోవె నోవిని' అను దినపత్రిక ఒక ఆడనక్క కథను బొమ్మలతో ధారావాహికముగా ప్రకటించెను. బొమ్మలు స్తనిస్లావ్ లోలెక్‌వి. కథ రుడోల్ఫ్ తెస్నొహ్లీదెక్‌ది. ఆ కథను స్వరకర్త లియోష్ యనాచెక్ సంగీత రూపకముగా మలచిరి. ఆయన ఒక పల్లెటూరి బడిపంతులు కుమారుడు. స్వయముగా బ్రనోలోని ఉపాధ్యాయ శిక్షణాలయమున సంగీతము బోధించినవారు. వీధిలో వినవచ్చు మాటల తీరును, పక్షుల కూతలను స్వరములుగా చేతిపుస్తకమున వ్రాసికొనుట ఆయన నిత్యకృత్యము. 'టక్కరి చిన్ననక్క' అని చెప్పదగిన ఆ రూపకము 1924 నవంబరు 6వ తేదీన బ్రనోలోనే ప్రథమముగా ప్రదర్శింపబడినది. అప్పటికి యనాచెక్ వయస్సు 70 సంవత్సరములు.

తెర లేచునప్పటికి అది వేసవినాటి అడవి. అటవీరక్షకుడు అలసి ఒకచోట మేను వాల్చును. అంతట కీచురాయియు మిడతయు చేతితో త్రిప్పు చిన్న వాద్యపు పెట్టెను వెంటగొని కచేరీకి సిద్ధమగును. నిద్రించువాని రక్తము త్రాగి మత్తెక్కిన దోమ తూలుచు నాట్యమాడును. దోమకై పొంచియున్న కప్ప పిమ్మట ఎగిరి మనుష్యుని ముక్కుపై పడును. కీచురాయి, మిడత, కప్ప పాత్రలను పిల్లలే పాడుట ఈ రూపకమున ఏర్పాటు. ఉపాధ్యాయులు గమనింపదగిన చమత్కారము మరియొకటి కలదు: దోమ పాత్రను ధరించు గాయకుడే పిమ్మట ఊరి బడిపంతులు పాత్రను కూడ ధరించును. మనుష్యులది ఒక లోకము, పురుగులది వేరొక లోకము కాదని చెప్పుటకు స్వరకర్త ఉపన్యాసము వ్రాయలేదు. ఒకే గొంతును రెండు చోట్ల వినిపించిరి. అంత్యరంగమున అటవీరక్షకుడు ముదుసలియై అదే చోటికి వచ్చును. మరల ఒక కప్ప చేతికి చిక్కును. పాతకప్పయే అని అతడు భ్రమింపగా, తాను ఆ కప్పకు మనుమడనని అది నత్తినత్తిగా చెప్పును. 1928 ఆగస్టులో యనాచెక్ మరణించినపుడు ఆయన అంత్యక్రియలయందు వాయింపబడినది ఈ అంత్యరంగ సంగీతమే.

యనాచెక్ రూపకమున కీటకముల కచేరి ఒక్క ఘట్టము మాత్రమే. కీటకములే పిల్లవానికి బంధువులై కథ అంతయు నడిపించు నాటకము ఇంకొకటి కలదు. దానికి మూలము వేల్సులో జన్మించిన ఆంగ్ల రచయిత రోల్డ్ డాల్ (1916–1990) 1961లో ప్రకటించిన 'జేమ్స్ - మహాకాయపు పీచ్ పండు' అను పిల్లల నవల. తల్లిదండ్రులను పోగొట్టుకొన్న జేమ్స్ అను బాలుడు ఇరువురు క్రూరులగు పెత్తల్లుల యింట చాకిరి చేయుచుండును. మాయపదార్థము ఒలికిన చోట చెట్టున ఒక పండు ఇల్లంత పెరుగును. ఆ పండులో మిడత, జెర్రి, వానపాము, సాలెపురుగు, అక్షింతల పురుగు మొదలగునవి మనుష్య ప్రమాణమునకు పెరిగి కూర్చుండియుండును. శాస్త్రదృష్టితో చూచిన జెర్రియు, సాలెపురుగును, వానపామును కీటకములు కావు. ఆరు కాళ్ల లెక్క తెలిసిన విద్యార్థి ఆ తప్పు వెంటనే పట్టుకొనగలడు. కాని దిక్కులేని బాలునికి అవియే కుటుంబమైనవి. అందరును ఆ పండుపై సముద్రము దాటి న్యూయార్కు నగరము చేరుదురు.

ఈ నవలను బెంజ్ పాసెక్, జస్టిన్ పాల్ అను జంట స్వరగీతకర్తలును, నాటకకర్త తిమోతి ఆలెన్ మెక్‌డొనాల్డును కలిసి సంగీత నాటకముగా రూపొందింపగా, అది 2010లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున గుడ్‌స్పీడ్ సంస్థ పక్షమున తొలిసారి ప్రదర్శితమైనది. పాఠశాల విద్యార్థులు ఆడుకొనుటకు సుమారు ఒక గంట నిడివిగల సంగ్రహ ప్రతి కూడ పిమ్మట సిద్ధమైనది. ఆ విధముగా మిడత వేషము వృత్తినటుల నుండి బడిపిల్లల చేతికి వచ్చినది.

డాల్ చిత్రించిన వృద్ధ మిడత తన శరీరమునే వాయులీనముగ వాయించును. వెనుక కాలు కమాను, రెక్క తంత్రి. చిన్న మీసముల మిడతలు కాలితో వాయించుననియు, పొడుగు మీసములవి రెక్కతో రెక్కను రాపాడించుననియు అది బాలునికి బోధించును. ఇది కల్పనవలె తోచునుగాని అక్షరాల సత్యము. కీచురాయి ముందు రెక్కలలో ఒకదాని అడుగున ఆకురాయివంటి పండ్లవరుస యుండును. రెండవదాని అంచు దానిపై ఒరయును. దువ్వెన పండ్లపై గోరు గీచినట్లు పుట్టిన ఆ ధ్వనిని రెక్కలోని పలుచని పొర వీణకు కుండవలె పెద్దది చేయును. పొట్టి మీసముల మిడతకు చెవి కడుపు ప్రక్కన కలదు. కీచురాయికి ముందు కాళ్ల మోకాలి క్రింద కలదు. కీచురాళ్లలో పాడునది మగది మాత్రమే. దూరముననున్న ఆడుదానిని పిలుచుటకు ఒక పాట, దగ్గరకు వచ్చిన పిమ్మట మెల్లని పాట వేరొకటి, పోటీకి వచ్చిన మగవానిని బెదరించుటకు మూడవది.

నవల చివర ఆ వృద్ధ మిడత గతి యేమైనది? న్యూయార్కు నగరపు వాద్యబృందమున దానికి గౌరవస్థానము లభించును. ఈసపు కథలో చీమ వాకిట నిలబడి మాటపడిన గాయకుడు రెండువేల సంవత్సరములకు పైగా గడచిన పిమ్మట పెద్ద సభలో పీఠమెక్కినాడు. పిల్లల నాటకమున జరిగిన న్యాయమిది.

అయినను పాడుట పనియే అనుటకు నాటకములకంటె బలమైన సాక్ష్యమును ప్రకృతియే ఇచ్చినది. పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి దీవులలో ఒక జాతి కీచురాళ్లు కలవు. అచ్చటనే ఒక జాతి ఈగ కూడ కలదు. ఆ ఆడ ఈగ చీకటిలో కీచురాయి పాటను ఆలించి, పాట వచ్చిన దిక్కునకే ఎగిరి, గాయకునిపై తన పిల్లపురుగులను విడుచును. అవి దాని శరీరములో చొచ్చి, పెరిగి, సుమారు వారము దినములలో దానిని చంపివేయును. పాట పెండ్లిపిలుపు, అదియే మృత్యువునకును పిలుపు. ఈ దీవులలో ఒకటియగు కవాయిలో రెక్కల గరుకుతనము పోయి పాడలేని మగ కీచురాళ్లు పుట్టినవి. మార్లీన్ జుక్, ఆమె సహచరులు 2006లో ప్రకటించిన పరిశోధన ననుసరించి, 20 తరములకంటె తక్కువ కాలములోనే ఆ దీవియందలి మగ కీచురాళ్లలో నూటికి 90కి పైగా మూగవైపోయినవి. ఆ మూగ మగవి మిగిలిన కొద్దిమంది గాయకుల చెంత చేరి, వారి పాటకు వచ్చు ఆడువానిని కలిసికొనును. ప్రాణమునకు తెగించి కొందరు పాడుచున్నందుననే ఆ మౌనులకు కూడ సంతానము కలుగుచున్నది. గాయకుడు సోమరియని చెప్పిన నీతి ఈ దీవిలో నిలువజాలదు.

కావున కీటకముల సంగీత నాటకమును బడిలో ఆడించు ఉపాధ్యాయుడు రెండు పాఠములు ఒక్కసారి చెప్పుచున్నాడనవలెను. వేషములు కుట్టి, పాట నేర్పి, రంగమునకు ఎక్కించుట ఒకటి. ఆ వేషధారియగు పిల్లవానిని అదే రాత్రి పెరటిలోనికి పంపి అసలు గాయకుని వినుమనుట రెండవది. రెండవదానికి ఖర్చు లేదు. గడియారము, ఉష్ణమాపకము ఉన్న చాలును. అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఏమస్ డాల్బేర్, ఫాబ్ర్ సంపుటము వెలువడిన 1897లోనే, కీచురాయి ఉష్ణమాపకమువలె పనిచేయునని ఒక చిన్న వ్యాసము వ్రాసిరి. ఆయన లెక్క ప్రకారము నిమిషమునకు 40 కూతలు వినిపించిన 50 ఫారన్‌హీట్ డిగ్రీలు. ఆపైన ప్రతి 4 కూతలకు ఒక డిగ్రీ హెచ్చు. ఇది అచ్చటి కీచురాళ్ల లెక్క. ప్రతి జాతికిని లెక్క వేరు. కావున తమ ఊరి కీచురాయి లెక్కను తామే కట్టుట విద్యార్థులకు తగిన పని. దినదినము కూతలనెంచి, వేడిమితో కలిపి పట్టికలో వ్రాసిన నెల తిరుగునప్పటికి వారి చేతిలో ఒక చిన్న పరిశోధన సిద్ధమగును.

అయితే ఆ కూతలు లెక్కింపవలెనన్న మొదట కదలక కూర్చుండుట నేర్వవలెను. అడుగు చప్పుడైన కీచురాయి పాట మానును. నాటకశాలలో దీపములు తగ్గి తెర లేచు క్షణమున సభలోని పిల్లలందరు మాటలు మాని చెవియొగ్గుదురు గదా, పెరటిలో కావలసినదియు ఆ నిశ్శబ్దమే. ఆ కాసేపు ఓర్పుతో కూర్చుండిన పిల్లవానికి గోడ బీటలోని గాయకుడు మరల శ్రుతి చేసికొని కచేరి ప్రారంభించును. మరునాడు బడిలో మిడతయు చీమయు పాఠము వచ్చినపుడు ఆ పిల్లవాడు లేచి ఒక ప్రశ్న వేసిన, ఉపాధ్యాయుడు కోపింపక వినవలెను.