అమెరికా విశ్వవిద్యాలయాల్లో ‘మల్టీకల్చరల్’ కార్యాలయం: అక్కడ ఉండేదెవరు? చేసేదేమిటి?

హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, రాయగడలోనైనా ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లిన తెలుగువారికి తమ మాట తెలిసిన గుమాస్తా ఒక్కరు కనిపిస్తే సగం పని పూర్తయినంత ధైర్యం కలుగుతుంది. అమెరికాకు చదువుకోసం వెళ్లిన బిడ్డకూ మొదటి నెలల్లో అటువంటి మనిషే కావాలి. అక్కడి అనేక విశ్వవిద్యాలయాల్లో ఆ పనికి ‘మల్టీకల్చరల్’ కార్యాలయాలు, అంటే బహుళ సంస్కృతుల కేంద్రాలు, ఏర్పడ్డాయి.

అయితే ఇవి విదేశీ విద్యార్థుల కోసం పుట్టినవి కావు. నల్లజాతి, లాటినో, ఆసియా సంతతి, ఆదివాసీ విద్యార్థులు 1960ల చివర సాగించిన పోరాటాల నుంచి వచ్చినవి. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాలలో 1968 నవంబరులో మొదలైన విద్యార్థుల సమ్మె 1969 మార్చి వరకు సాగింది. తర్వాతి దశాబ్దాల్లో ఇటువంటి కేంద్రాలు దేశమంతటా విస్తరించాయి.

సిబ్బంది ఎవరు?

కార్యాలయానికి ఒక డైరెక్టరు ఉంటారు. నిధులు సంపాదించడం, విద్యార్థుల ఇబ్బందులను పై అధికారులకు చేరవేయడం వారి బాధ్యత. కార్యక్రమాల సమన్వయకర్తలు కొత్తవారికి స్వాగత సభలు, పండుగలు, చర్చలు ఏర్పాటు చేస్తారు. సలహాదారులు చదువులో వెనుకబడినవారిని, ఒంటరితనంతో బాధపడేవారిని పిలిచి మాట్లాడి, తగిన చోటికి పంపుతారు. ముందు బల్ల వద్ద పలకరించేది తరచుగా గంటల లెక్కన పనిచేసే విద్యార్థులే.

వారి పని కానిది

వీసా వ్యవహారం వీరి చేతిలో ఉండదు. ఐ-20 పత్రం ఇచ్చేది అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోని అధీకృత అధికారి. ఆ అధికారి ముందస్తు అనుమతి లేకుండా చదవవలసిన కోర్సుల భారాన్ని తగ్గించుకుంటే విద్యార్థి వీసా హోదాకే ముప్పు వస్తుంది. అందువల్ల ఎంత ఆత్మీయుడైన సలహాదారు చెప్పినా, కోర్సు వదులుకునే ముందు ఈ రెండవ కార్యాలయాన్ని అడిగి తీరాలి.

రహస్యం విషయంలోనూ జాగ్రత్త అవసరం. లైంగిక వేధింపుల సంగతి తెలిస్తే పై అధికారులకు తెలియజేయవలసిన బాధ్యత చాలాచోట్ల ఈ సిబ్బందికి ఉంటుంది. గోప్యంగా మాట్లాడుకోవాలంటే మానసిక ఆరోగ్య కేంద్రంలోని కౌన్సెలర్ తగిన వ్యక్తి.

తల్లిదండ్రులు నేరుగా ఫోను చేసి మార్కులు, హాజరు అడిగితే సాధారణంగా జవాబు రాదు. అది నిర్లక్ష్యం కాదు. విద్యార్థి సమ్మతి లేకుండా అతని వివరాలు ఇతరులకు చెప్పరాదని 1974 నాటి సమాఖ్య చట్టం నిర్దేశిస్తోంది.

మూతపడిన తలుపులు

ఇటీవలి సంవత్సరాల్లో పరిస్థితి మారింది. టెక్సాస్ శాసనసభ 2023లో చేసిన చట్టం 2024 జనవరి 1న అమల్లోకి రాగా, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఇటువంటి కేంద్రం మూతపడింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 2024 మార్చిలో ఈ తరహా విభాగంలో 13 పూర్తికాల ఉద్యోగాలను రద్దు చేసింది. ఇటువంటి కార్యాలయాలు ఒక వర్గానికి ప్రత్యేక ఆదరణ చూపుతున్నాయని, ప్రజాధనం వృథా అవుతోందని చట్టాలను సమర్థించేవారి వాదన. దిక్కుతోచని విద్యార్థికి ఉన్న ఆసరా పోయిందని వ్యతిరేకుల ఆవేదన.

అయినా అన్నీ పోలేదు. టెక్సాస్ చట్టం విద్యార్థి సంఘాల కార్యకలాపాలను మినహాయించింది. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాలు, ఆరోగ్య కేంద్రాలు వేరు వ్యవస్థలు. బిడ్డ ప్రయాణానికి ముందే మూడు సంగతులు కనుక్కోవడం మేలు: వీసాకు ఎవరిని అడగాలి, మనసు బాగులేకపోతే ఎవరి వద్దకు వెళ్లాలి, భారతీయ విద్యార్థి సంఘం ఉన్నదా. ఆ మూడు ఫోను నంబర్లు బిడ్డ వద్ద ఒక కాగితంపై, ఇంట్లో మరొక కాగితంపై ఉండాలి.