రూల్‌లో లేకపోతే తప్పు కాదా?

సంక్రాంతి వచ్చిందంటే తిరువూరు చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో కబడ్డీ బరి గీయక మానరు. సెలవుల్లో మన సంఘాల యౌవనులు కూడా జట్లు కట్టి ఆడుతుంటారు. ఆట ముగిశాక గెలుపోటముల కంటే ఎక్కువసేపు నడిచే వాదన ఒకటుంది. "అలా గెలవడం కూడా ఒక గెలుపేనా?" అని ఒకరంటే, "రూల్‌లో తప్పని లేదుగా!" అని మరొకరంటారు. ఈ రెండు మాటలనూ కాస్త నిదానంగా చూద్దాం.

ముందుగా, వాదనకే తావులేని సంగతులు కొన్ని ఉన్నాయి. పట్టు జారిపోవాలని ఒంటికి నూనె రాసుకోవడం, గోళ్లు పెంచుకుని బరిలోకి దిగడం కబడ్డీ నియమాలకే విరుద్ధం. వేరే ఊరి ఆటగాణ్ణి మన ఊరివాడని చెప్పి ఆడించడం, వయసు తగ్గించి చూపించడం కూడా అంతే. ఇవి ఎత్తుగడలు కావు, మోసాలు. వీటికి ఎన్ని పేర్లు పెట్టినా సంగతి మారదు.

చిక్కంతా రెండో రకంతో వస్తుంది. నియమం అడ్డు చెప్పదు, కానీ ఆట చచ్చిపోతుంది. రెండు పాయింట్లు ముందున్న జట్టు కూతకు వెళ్లి, బాక్ గీత దాటి, ఎవరినీ ముట్టకుండా కాలం గడిపి వెనక్కి వస్తుంది. మళ్లీ మళ్లీ అదే చేస్తుంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, చూసేవాళ్లకు మాత్రం విసుగు. దీనికి విరుగుడుగానే ప్రో కబడ్డీలో 'డూ ఆర్ డై' రైడ్ పెట్టారు. ఒక జట్టు వరుసగా రెండు కూతలు ఖాళీగా తిరిగొస్తే, మూడోదానిలో పాయింటు తేవాల్సిందే. తేకపోతే కూతకు వెళ్లినవాడు ఔట్.

ఇలాంటిదే ఆస్ట్రేలియాలోనూ జరిగింది. అక్కడి ఫుట్‌బాల్‌లో నాలుగు స్తంభాలుంటాయి. నడిమి రెంటి మధ్య నుంచి బంతిని తన్నితే ఆరు పాయింట్లు, పక్క స్తంభాల మధ్య నుంచి వెళితే ఒక్కటే. ఒత్తిడిలో పడ్డ రక్షక ఆటగాడు బంతిని తానే ఆ గీత దాటించి, ఎదుటి జట్టుకు ఒక్క పాయింటు వదిలేసుకుని ఆరు పాయింట్ల ముప్పు తప్పించుకోవచ్చు. పైగా బంతిని మళ్లీ ఆటలోకి తన్నే అవకాశం అతని జట్టుకే దక్కుతుంది. 2008 గ్రాండ్ ఫైనల్‌లో హాథార్న్ జట్టు జీలాంగ్ మీద ఈ పద్ధతినే పదేపదే వాడి గెలిచింది. నియమం ప్రకారం అందులో తప్పు లేదు. అయినా పెద్ద దుమారమే రేగింది. మరుసటి ఏడాదే, కావాలని అలా చేస్తే ఎదుటి జట్టుకు ఫ్రీ కిక్ ఇవ్వాలని నియమం మార్చారు.

ఈ రెండూ చెప్పేది ఒకటే. నియమం ఎప్పుడూ మనిషి తెలివికి ఒక అడుగు వెనకే నడుస్తుంది. కాబట్టి "రూల్‌లో లేదు" అనే మాట ఇవాళ్టికే పనికొస్తుంది. రేపు రూల్ మారితే అదే పని తప్పవుతుంది.

ఇక మూడో రకం. ఇక్కడ నియమం ఏమిటో ఎవరికీ స్పష్టంగా ఉండదు. 2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్‌లో భారత్, ఇరాన్ 28-28తో సమానంగా ఉన్నాయి. ఆట ముగియడానికి నిమిషం పైచిలుకే ఉంది. కూతకు వెళ్లిన కెప్టెన్ పవన్ సెహ్రావత్ ఎవరినీ ముట్టకుండానే లాబీలోకి వెళ్లాడు, అతని వెంట ఇరాన్ ఆటగాళ్లూ వెళ్లారు. పాత నియమం ప్రకారం లాబీలో అడుగుపెట్టిన అందరూ ఔటే. కొత్త నియమం ప్రకారం కూతకు వెళ్లినవాడు ఒక్కడే ఔట్. నిర్ణయం అటూ ఇటూ మారింది, రెండు జట్లూ నిరసన తెలిపాయి, ఆట దాదాపు గంటసేపు ఆగింది. చివరికి భారత్ 33-29తో బంగారు పతకం గెలిచింది. అయితే ఏ నియమంతో ఆడుతున్నామో ముందే అందరికీ ఒకేలా తెలిసి ఉంటే, ఆ గెలుపు మీద వాదన ఉండేది కాదు. ఆ తర్వాత కొద్ది రోజులకే తెలుగు టైటాన్స్ వేలంలో పవన్‌ను రెండున్నర కోట్లకు పైగా పెట్టి కొనుక్కుంది. ఒక్క పాయింటు వెనక ఎంత బరువుంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఆ బరువును తేలిగ్గా తీసిపారేయకూడదు. పల్లెటూరి పిల్లవాడికి కబడ్డీ పతకం స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి కావచ్చు. "నీతులు కడుపు నింపుతాయా?" అని వాళ్ల నాన్న అడిగితే అది వెటకారం కాదు. నిజాయితీకి ఖరీదు ఉంటుంది, ఒప్పుకోవాలి. 1980లో బొంబాయి టెస్టులో ఇంగ్లండ్ ఐదు వికెట్లు కోల్పోయి కష్టాల్లో ఉన్నప్పుడు, అంపైర్ ఔటిచ్చిన బాబ్ టేలర్‌ను భారత కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ వెనక్కి పిలిచాడు. బంతి బ్యాటుకు తగల్లేదని ఆయన నమ్మాడు. టేలర్ నిలదొక్కుకుని బోథమ్‌తో కలిసి పెద్ద భాగస్వామ్యం కట్టాడు, భారత్ ఓడిపోయింది. నలభై ఏళ్లు దాటినా జనం ఆ మ్యాచ్‌ను తలచుకునేది ఆ పిలుపు కోసమే.

కబడ్డీలో ఇలాంటి ఘడియ ప్రతి కూతలోనూ వస్తుంది. వేలికొన తగిలిందా లేదా అన్నది చాలాసార్లు ముట్టినవాడికీ ముట్టించుకున్నవాడికీ మాత్రమే తెలుస్తుంది. రిఫరీ చూడని ఆ చోటే ఆటగాడి అసలు పరీక్ష. నియమం ప్రకారం పోరాడనివాడికి కిరీటం లేదని పౌలు తిమోతికి రాసిన సంగతి మనకు తెలిసిందే. ఆ మాటకు ఆయన తీసుకున్న పోలిక కూడా ఆటల బరినుంచే.

అందుకే పోటీలు పెట్టే సంఘ పెద్దలకూ, యౌవన నాయకులకూ రెండు విన్నపాలు. ఆట మొదలుకాక ముందే రెండు జట్లనూ కూర్చోబెట్టి, లాబీ నియమం, ఖాళీ కూతల లెక్క, బయటి ఊరి ఆటగాళ్ల సంగతి తేల్చి కాగితం మీద రాయండి. గొడవల్లో చాలావరకు అక్కడే ఆగిపోతాయి. రెండోది, కప్పుతో పాటు "తగిలింది" అని తనంతట తానే చెప్పి బయటికి నడిచిన ఆటగాడికీ ఒక బహుమతి ఇవ్వండి. పిల్లలు పెద్దలు మెచ్చుకున్నదాన్నే నేర్చుకుంటారు.

ఇక ఎత్తుగడ సరైనదా కాదా అని సందేహం వస్తే, ఆటగాడు తనను తాను ఒక్క ప్రశ్న అడుగుకుంటే చాలు: ఎదుటి జట్టు ఇదే పని నా మీద చేస్తే, "బాగా ఆడారు" అని చేయి కలపగలనా?