దారిలో దొరికే అలంకారం

బెంగుళూరు నుంచి మైసూరు పోయే దారిలో, సుమారు 60 కిలోమీటర్ల దూరాన చన్నపట్న వస్తుంది. అక్కడి లక్కబొమ్మ ఒకటైనా లేని తెలుగు ఇల్లు మా ఎరుకలో అరుదు. గిలకో, బొంగరమో, కుంకుమ బరిణో సంచిలో పడనిదే మాకు ప్రయాణం పూర్తి కాదు.

అక్కడివారు 'ఆలె మర' అనేది మన అంకుడు కర్రే. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డునున్న ఏటికొప్పాకవారు వాడేదీ అదే. పని తీరూ ఒకటే. తిరిగే కర్రకు రంగులక్క అదిమిపడితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. భౌగోళిక గుర్తింపు చన్నపట్నకు ముందు వచ్చింది, ఏటికొప్పాకకు 2017లో దక్కింది.

ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు చన్నపట్న తెలుసు. ఏటికొప్పాక పేరైనా తెలియదు. కనుక ఆంధ్రకు పోయివచ్చేవారు నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగి, అక్కడి బరిణె ఒకటి తెచ్చుకోవాలని మా మనవి. ఖర్చు స్వల్పం, చోటూ స్వల్పమే. పొయ్యి దగ్గర, ఎండలో ఉంచకండి, లక్క మెత్తబడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

వచ్చే బొమ్మల కొలువులో రెండూ పక్కపక్కన పెట్టి, ఏది ఏ ఊరిదో పిల్లలను చెప్పమనండి. పోల్చుకోలేకపోతే ఆ రెండూళ్ళ కథా చెప్పడానికి మనకు వీలు దొరుకుతుంది.