దవడయెముకకు క్షయ

క్షయ యనగానే దగ్గు తోచును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము గల నాటి అనంతపురము జిల్లాలోనే 1961లో బెంగుళూరు జాతీయ క్షయ సంస్థ తన జిల్లా పథకమును తొలుత పరీక్షించెను. దగ్గువారి కఫమును సూక్ష్మదర్శినిలో చూచుట దానికి మూలము.

కాని క్షయక్రిమి అరుదుగా ముఖపుటెముకలను గూడ పట్టును. అట్టి రోగికి దగ్గు రాకపోవచ్చును. దవడపై నొప్పి తక్కువగు వాపు లేచి, పగిలి, నెలల తరబడి చీము కారును. పన్ను పీకించినను పుండు మానదు. పాపము, తప్పు పన్నుది గాదు! ఎక్స్‌రే ఎముక తరుగును చూపును గాని కారణము నిశ్చయింపదు. పుండునుండి చిన్న ముక్కను తీసి, అందు క్రిమిని వెదకవలెను.

క్షయ యని తేలినచో కత్తికంటె మందులే ముఖ్యము. ఐసోనియాజిడు, రిఫాంపిసిను మున్నగువానిని కలిపి, వైద్యుడు చెప్పినన్ని నెలలు మ్రింగవలెను. వాపు ముందే తగ్గును, చిక్కంతయు నచ్చటనే. నడుమ మానినచో క్రిమి ఆ మందులకు లొంగనిది కావచ్చును. అవి ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా లభించును.