మట్టి దొరకని రాజుగారి పింగాణీ

పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్ రాజులు మహా గొప్పగా చెప్పుకున్న సేవ్ర్ పింగాణీ, రసాయనశాస్త్రం లెక్క ప్రకారం చాలాకాలం అసలు పింగాణీయే కాదు. ఇప్పుడు వేలంపాటల్లో ఎక్కువ ధర పలికేదీ, చూడగానే కళ్ళు చెదరగొట్టేదీ మాత్రం ఆ ‘కాని’ పింగాణీయే.

అసలు పింగాణీకి కయోలిన్ అనే తెల్లమట్టి కావాలి. దాన్ని ఫెల్డ్‌స్పార్ రాతిపొడితో కలిపి 1,400 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాలిస్తే, రాయి కరిగి మట్టి రేణువుల మధ్య గాజులా నిండుతుంది. చైనావాళ్ళకిది వెయ్యేళ్ళనాటి విద్య. ఐరోపాలో మొదట పట్టుకున్నది జర్మనీలోని సాక్సనీ. బంగారం చేస్తానని బయల్దేరి రాజుగారి నిర్బంధంలో చిక్కిన బ్యోట్గర్ అనే రసవాది పుణ్యమా అని 1710లో మైసెన్ కర్మాగారం మొదలైంది. ఫ్రాన్స్‌కు ఆశ ఉంది, డబ్బుంది, కయోలిన్ లేదు. ఆ లోటుతోనే 1740లో పారిస్ పక్కన వాన్సెన్ కోటలో పని ప్రారంభించారు. 1756లో కర్మాగారాన్ని సేవ్ర్‌కు తరలించారు. 1759లో పదిహేనో లూయీ దాన్ని పూర్తిగా కొనేశాడు. ఏటా సంవత్సరాంతంలో వెర్సాయ్‌లోని తన సొంత గదుల్లోనే కొత్త సరుకు అమ్మకానికి పెట్టించేవాడు. రాజు ఎదురుగా నిలబడి ఉంటే, ఏ సరదారు ఖాళీ చేతులతో బయటికి వెళ్ళగలడు?

మట్టి లేకపోతే ఏం చేశారు? గాజును మట్టిగా నటింపజేశారు. ఇసుక, సూరేకారం, ఉప్పు, సోడా, పటిక, జిప్సం కలిపి, సగం కరిగి ముద్దకట్టేదాకా కాల్చేవారు. ఆ ముద్దను మెత్తగా నూరి, సుద్దా సున్నపుమన్నూ కలిపేవారు. చిక్కు అక్కడే వచ్చిపడింది. నిజమైన బంకమట్టిలో రేణువులు పలకల్లా ఉంటాయి, తడిస్తే ఒకదానిమీద ఒకటి జారతాయి. అందుకే వేళ్ళు చెప్పినట్టు వంగుతుంది. గాజుపొడికి ఆ గుణం లేదు. దాంతో మెత్తటి సబ్బు కలిపి బలవంతాన జిగురు తెప్పించారు. బట్టీలో ఇంకో గండం: వేడి కాస్త ఎక్కువైతే చాలు, గిన్నె తనంతట తనే కుంగిపోయేది. ఎన్ని పాత్రలు వంకరపోయి చెత్తకుప్ప చేరాయో!

ఇంత యాతన పెట్టిన ముద్దే రంగుల దగ్గర వరమైంది. పాత్రను ముందు ఎక్కువ వేడిలో కాల్చి, సీసం కలిసిన మెరుగుపూతను తర్వాత తక్కువ వేడిలో అద్దేవారు. రంగు వేసి మళ్ళీ కాల్చేసరికి ఆ పూత మెత్తబడి రంగును తనలోకి ఇంకించుకునేది. అసలు పింగాణీ మీది పూత గట్టిది, రంగు చాలావరకు పైపైనే నిలుస్తుంది.

1751 నుంచి కర్మాగారానికి సలహాదారైన రసాయనవేత్త ఝాఁ హెలో రంగుల సూత్రాలను రహస్యంగా రాసిపెట్టాడు. క్షారాలు దండిగా ఉన్న గాజులో రాగి చేరితే నీలి ఫిరోజా రంగు వస్తుంది. 1753లో రాజుగారి భోజనపాత్రల కోసం తయారైన ‘బ్లూ సెలెస్ట్’ అదే. 1757 ప్రాంతంలో వచ్చిన గులాబీ రంగుకు మూలం బంగారం. దాన్ని ఆక్వా రీజియా అనే గాఢ ఆమ్లాల మిశ్రమంలో కరిగించి తగరం లవణం కలిపితే ఊదా ఎరుపు మడ్డి దిగుతుంది. అందులో బంగారు రేణువులు నానోమీటర్లలో కొలిచేంత సన్నగా ఉండి, ఆకుపచ్చ కాంతిని మింగేసి ఎరుపును వదులుతాయి. ఆ చిత్రకారులకు ఈ సంగతి తెలియదు. ఈ మడ్డి గుట్టు విప్పడంలో ముఖ్యపాత్ర వహించిన జిగ్మాండీకి కొల్లాయిడ్ల పరిశోధనకు గాను 1925 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

కయోలిన్ చివరికి 1768లో లిమోజ్ దగ్గర సెంట్ ఇరియేలో దొరికింది. మన పల్లెల్లో చౌడుమన్నుతో బట్టలు ఉతికినట్టే, దార్నే అనే వైద్యుడి భార్య బట్టలు తెల్లబరచడానికి ఆ మట్టి పనికొస్తుందనుకుందని కథ. కొద్ది ఏళ్ళకే సేవ్ర్‌లో అసలు పింగాణీ తయారైంది. అయితే పాతదాన్ని వదిలేశారా? లేదు. 1776లో రష్యా రాణి కేథరిన్ 700కు పైగా పాత్రలు చేయమన్నప్పుడు పాత ముద్దనే వాడారు. ఆమె కోరిన ఫిరోజా రంగు కొత్త పింగాణీ మీద పలకదు మరి. ఖర్చు మూడు లక్షల లీవ్ర్‌లు దాటింది. పదహారో లూయీ 1783లో తనకోసం మొదలుపెట్టించిన పాత్రలు ఇరవై ఏళ్ళలో పూర్తి కావాల్సింది. 1793లో గిలెటిన్ ఆయన తలనే తీసేసింది. అప్పటికి సిద్ధమైనవాటిని తర్వాత ఇంగ్లండ్ రాకుమారుడు, కాబోయే నాలుగో జార్జి, కొనుక్కున్నాడు.

1800లో డైరెక్టరుగా వచ్చిన బ్రోన్యార్, 1804లో పాత ముద్దను పూర్తిగా ఆపేశాడు. గోదాములో మిగిలిన తెల్లటి పాత్రలను బయటివాళ్ళకు అమ్మేశాడు. లెక్కల మనిషిగా సరైన పనే, చరిత్రకు మాత్రం పెద్ద తలనొప్పి. కొన్నవాళ్ళు వాటిమీద పాతకాలపు పూలూ పిట్టలూ వేయించి రాచసరుకుగా చెలామణి చేశారు. పాత్ర నిజం, బొమ్మ దొంగ! హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంతో సహా సేవ్ర్ పాత్రలున్న ఏ మ్యూజియంలోనైనా అడుగున చూడాల్సిన గుర్తు రెండు ‘ఎల్’ అక్షరాల మెలిక. మధ్యలోని అక్షరం ఏడాదిని చెబుతుంది: ‘ఎ’ అంటే 1753, ‘ఇ’ అంటే 1757. గుర్తును దొంగిలించడం తేలికే. అందుకని నిపుణులు ఎక్స్-రే కిరణాలతో రంగులోని మూలకాలను చూస్తారు. పాతకాలపు ఆకుపచ్చ రాగితో వచ్చేది. క్రోమియంను వొక్లాన్ కనుగొన్నదే 1797లో. కాబట్టి ఆకుల పచ్చదనంలో క్రోమియం బయటపడితే, అడుగున ‘ఇ’ అక్షరం ఎంత చక్కగా ఉన్నా ఆ ఆకులు పదిహేనో లూయీ ప్రియురాలు పాంపదూర్ దొరసాని ఎరిగినవి కావు.