మడమ నొప్పి: నిలబడి పనిచేసేవారు తెలుసుకోవలసినవి

తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో షిఫ్టు కార్మికులకు, సాక్చీ, బిష్టుపూర్ దుకాణాల సిబ్బందికి గంటల తరబడి నిలబడటం నిత్యకృత్యం. ఉదయం మంచం దిగి వేసే తొలి అడుగులోనే మడమలో పొడిచినట్టు నొప్పి వస్తే, దానికి తరచుగా కారణం ప్లాంటార్ ఫేషియైటిస్.

మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల వరకు సాగే దళసరి కణజాల పట్టీ అరికాలి వంపును నిలబెడుతుంది. గట్టి నేలపై ఎడతెగని భారంతో అది మడమ వద్ద దెబ్బతింటుంది. రాత్రి విశ్రాంతిలో బిగుసుకొని, ఉదయం ఒక్కసారిగా సాగడంతో నొప్పి పుడుతుంది. కొంత నడిచాక తగ్గి, షిఫ్టు ముగిసేసరికి తిరగబెడుతుంది. ఎక్స్‌రేలో ఎముక ముల్లు కనిపించినా అదే కారణమని భావించరాదు. నొప్పి లేనివారిలోనూ అది ఉండవచ్చు.

పిక్కలను, అరికాలిని రోజూ సాగదీసే వ్యాయామం, మెత్తని అడుగుగల పాదరక్షలు మేలు చేస్తాయి. ఎక్కువ మందికి ఏడాదిలోగా శస్త్రచికిత్స లేకుండానే నయమవుతుంది. వాపు, జ్వరం, తిమ్మిరి ఉన్నవారు, మధుమేహ రోగులు వైద్యుని సంప్రదించాలి.

నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ నిర్దేశించింది. దుకాణ సిబ్బందికి ఈ హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టబద్ధం చేశాయి. పని మధ్య వీలు చిక్కినప్పుడు కూర్చోవడానికి సంకోచించనక్కరలేదు.