ఉస్మానియా విశ్వవిద్యాలయము – మన మెట్ట సీమ

హైదరాబాదు నగరమున అడిక్‌మెట్టు వైపు వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమును మీలో పెక్కురు చూచియుందురు. చూడనివారు సైతము దాని ఆర్ట్సు కళాశాల చిత్రమునైన నెరుగుదురు. నేను నల్లగొండ సీమవాడను. ఆ భవనము నెదుట తొలిసారి నిలిచినపుడు నా కంటబడినది దాని వైభవము కాదు, రాయి. గులాబి వన్నె గల ఆ గ్రానైటు రాతికిని మా గుట్టలలోని బండలకును చుట్టరికమున్నది. ఆ రాతిని గూర్చి మరల చెప్పెదను.

ఈ విద్యాపీఠము 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానుతో ఏర్పడినది. 1919 ఆగస్టులో పాఠములు మొదలైనవి. అప్పటి కీ భవనము లేదు. గన్‌ఫౌండ్రీ కడ నున్న ఇండ్లలో 225 మంది విద్యార్థులతో ఇంటర్మీడియటు తరగతులు నడచినవి. ఉన్నతవిద్యను ఆంగ్లమున గాక ఉర్దూలో బోధింప బూనుట దీని విశేషము. అందులకు ముందుగానే ఒక అనువాదశాలను నెలకొల్పి, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి దింపించిరి. దేశభాషలో రసాయనమును, గణితమును బోధింపవచ్చునని చూపిన ఆ సాహసమును నేను మెచ్చుకొందును. అయితే ఆ దేశభాష మన పల్లెల భాష కాదు. పాలమూరునుండి వచ్చిన రైతు బిడ్డకు ఆంగ్ల మెంత పరాయిదో ఉర్దూయు ఇంచుమించు అంత పరాయిదే. తెలుగు శాఖ యొకటి యుండెను. రాయప్రోలు సుబ్బారావుగా రందు ఆచార్యులు. తక్కిన శాస్త్రములకు మాత్రము తెలుగున చోటు లేదు.

1938లో వందేమాతర గీతము పాడినందుకు విద్యార్థులను బహిష్కరింపగా, పలువురు నాగపురమునకు పోయి చదువు ముగించుకొనిరి. పీ.వీ. నరసింహారావుగా రట్లు పోయినవారిలో నొకరు. 1948 తరువాత ఉర్దూ స్థానమున ఆంగ్లము వచ్చినది. పల్లెవానికి ఒక అడ్డు పోయి మరియొక అడ్డు వచ్చినదన్న మాట. కళాశాల చదువునకు తెలుగు పాఠ్యగ్రంథములు సిద్ధపరచుటకై తెలుగు అకాడమి 1968లో గాని పుట్టలేదు. దానికి పూనుకొన్న విద్యామంత్రి ఆ పీ.వీ. గారే.

ఇక ఆర్ట్సు కళాశాల. 1934లో శంకుస్థాపన జరిగి 1939 డిసెంబరులో ప్రారంభమైనది. బెల్జియము దేశపు శిల్పి జాస్పర్ దాని రూపమును కూర్చెను. దేవాలయ స్తంభములను తలపించు కంబములు, మసీదులను తలపించు కమానులు అందొక్కచోట నొదిగి నిలిచినవి. తీరికగా చూడదగిన కట్టడము.

విశ్వవిద్యాలయ మంతయు ఆ ఆవరణముననే లేదు. నిజాము కళాశాల, సైఫాబాదు కళాశాల, సికింద్రాబాదు కళాశాల నగరమున దాని అంగములు. నగరమునకు వెలుపల, ఇబ్రహీంపట్నము ప్రాంతమున, జపాల–రంగాపురములకడ 48 అంగుళముల దూరదర్శిని గల నక్షత్రశాలను 1968లో నెలకొల్పిరి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినపుడు పల్లెలలో జనులు తలుపులు మూసికొని యింట కూర్చుండిరి. ఆ గుట్టమీద శాస్త్రజ్ఞులు మాత్రము ఆ కొద్ది నిమిషముల కొరకే కాచుకొని యుండిరి.

మన జిల్లాలకు వచ్చెదను. చాలకాలము ఎం.ఏ. గాని, ఎం.ఎస్‌సీ. గాని చదువదలచినవాడు హైదరాబాదునకే పోవలసి యుండెను. పిల్లవానినైన అప్పుచేసి పంపుదురు. ఆడపిల్లను పంపువారు అరుదు. తరువాత ఉస్మానియావారు నల్లగొండలోను, మహబూబునగరములోను స్నాతకోత్తర కేంద్రములను తెరచిరి. అవియే 2007లో నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమునకు, 2008లో పాలమూరు విశ్వవిద్యాలయమునకు మూలమైనవి. పరుల సీమలలో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీల బిడ్డలకు, సాయంకాలమునకు ఇల్లు చేరునంత దూరమున పెద్ద చదువు దొరకినది. నా మట్టుకు నాకు ఆర్ట్సు కళాశాల కమానులకంటె ఇది గొప్ప.

ఇపుడా రాతి మాట. మా బండలలో ఫ్లోరైడు గల ఖనిజము లున్నవి. నీరు చిరకాలము వానిని తాకి నిలువగా ఆ ఫ్లోరైడు బావులలోనికి దిగును. ఆ నీరు త్రాగినవారికి పండ్లు గారపట్టును, ఎముకలు బిగిసిపోవును, నడుములు వంగును. 1955లో సిద్దీఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించెను. నీటిలో పటికయు సున్నమును కలిపి తేర్చి ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు. కాని దానిని కనుగొన్నది నాగపురములోని పరిశోధనాలయము. మా విద్యార్థులకు చదువిచ్చిన నాగపురమే మా నీటికిని మందు వెదకినది! ఇంటికింత చేరువలో ఇంత పెద్ద విద్యాపీఠ ముండగా, పేరు మాది, పని పరులది యగుట నాకు కొంచెము చిన్నతనముగానే తోచును.

నేడు కృష్ణాజలము కొళాయిలలో వచ్చుచున్నది. బావుల అడుగున రాయి మాత్రము మారలేదు. మర్రిగూడ బావినీటిని సీసాలో పట్టుకొని, ఉదయపు బస్సెక్కి, తన ఊరి నీటినే రసాయనశాలలో పరీక్షించు విద్యార్థిని ఇపుడు నల్లగొండలోనే యుండవచ్చును.